సోళ్ళ సీసా

మిల్లు గేటుకి తాళం పడి నలభై రోజులు.
ఆళ్ళమ్మ తెల్లారకుండా కంపెనీ బస్సెక్కి
పైడిభీమవరం ఎల్తాది, మందుబిళ్ళలు అట్టపెట్టెలకెత్తే పనికి.
ఇంట్లో నానూ, ఏడాదిన్నర గుంటా.
రేషన్ కార్డులో లోహిత. ఇంట్లో గుంటే.

అంగన్‌వాడీ ఇందుమతమ్మ గుమ్మంలో నిలబడి సెప్పింది:
"దాని చేతికి ఫోనివ్వకు అసిర్నాయుడూ,
ఏదో ఒకటి ముట్టుకోనియ్యి.
ఈ వయసులో వాళ్ళు చేతుల్తోటే చదువుతారు."

ఏటిమ్మంటావు తల్లీ, ఇంట్లో ఏటుందని?

ఎతికినాను.
అటక మీద మా అమ్మ ఇత్తడి పళ్ళెం దొరికింది.
రెండు గ్లాసుల కోటా బియ్యం. సగానికి పసుపు,
సగానికి బీట్‌రూట్ నీళ్ళు.
అది ఏ పండక్కీ సెందని రంగు.
గుంటని ముందర కూకోబెడితే
మొదట ఒక్క ఏలు.
తర్వాత రెండు సేతులూ మోసేతుల దాకా.
తర్వాత కాళ్ళు.
తర్వాత, వొద్దంటే ఇనకుండా, మొత్తం మనిషి.

మర్నాడు గంజి.
సల్లారిన గంజిలో సెయ్యి ముంచి తీసి
ఏళ్ళ మధ్య సాగిన తీగని సూసి
ఎవరో తనకి అన్యాయం సేసినట్టు ఏడిసింది.
ఏడుస్తూనే మళ్ళీ ముంచింది.

చంపావతి ఇసక తెచ్చినాను, తువ్వాల్లో మూటగట్టి.
జల్లించి, కడిగి, పెనం మీద ఏపి,
గోరెచ్చగా అయ్యేదాకా నా సేత్తోనే సూసుకున్నాను.
నా సేతికి ఏం తెలుస్తాది?
కండెలు మార్చీ మార్చీ బిగిసిన సెయ్యి.
మోసేతి లోపలి తోలు ఆనించి సూసినాను,
దాని స్నానం నీళ్ళకి ఆళ్ళమ్మ సూసినట్టు.

సొక్కా జేబు అడుగున ఎప్పటిదో నార పీచు ఉండిపోయింది.
ఉండ సేసి ఇస్తే బుగ్గలకి రుద్దుకుంది,
తుమ్మింది, నవ్వింది, మళ్ళీ రుద్దుకుంది.
ఇరవై రెండేళ్ళు ఆ నార నాకు దగ్గే ఇచ్చింది.

ఆ తర్వాత సీసా.
సోడంబలికి దాసిన సోళ్ళు పిడికెడు
సిన్న నీళ్ళ సీసాలో పోసి,
గింజ ముక్కులో ఎట్టుకుంటాదేమోనని
మూతకి సైకిల్ ట్యూబు సొల్యూషన్ రాసి
రాత్రల్లా ఆరనిచ్చినాను.
పొద్దున్నే అందుకుంది. ఊపింది.
ఆగింది. కళ్ళు ఇంత సేసింది.
ఊపింది.
నా మొకంలోకి సూసింది.

మగ్గాల పక్కన నిలబడ్డ సెవులు నావి.
సైరనైతే ఇంటాను.
పేరెట్టి పిలిస్తే రెండోసారికి ఇంటాను.
సోళ్ళ సప్పుడు ఇనను.
అయినా తలూపినాను, ఇన్నట్టే.

గుంటకి ఒక అలవాటుంది.
తాను ముట్టుకున్నదేదైనా నాకు ముట్టించాల.
గంజి నా మీసాలకి రాసింది, ఇసక నా బొడ్డులో పోసింది.
ఇప్పుడు సీసా తెచ్చి నా దవడకి ఆనించి
రెండు సేతుల్తో ఊపింది.

ఎముకలోంచి ఏదో పాకింది లోపలికి.
పాత మంచం కోట్లో పురుగు తొలుస్తున్నట్టు
సన్నగా, ఆగి ఆగి.
నాను కదల్లేదు.
"ఇంకోసారి" అన్నాను.
"కోసాయి" అంది.

అన్నం ఏళ దాటిపోయింది ఇద్దరికీ.

రాత్రి ఆళ్ళమ్మ వొచ్చింది.
గుంట జుట్టులో పసుపు బియ్యం, గోడకి ఎండిన గంజి,
గచ్చు మీద నడిస్తే కరకర.
"రెండు గ్లాసులు! రెండు గ్లాసుల బియ్యం, దేవుడా!"
ఏరింది, నాలుగు నీళ్ళు కడిగింది, అవే వండింది.
ఆ అన్నం ఏ రంగో సెప్పలేను.

తింటుంటే ఏదో అడిగిందంట,
రేపు గేటు కాడ మీటింగు, ఎల్తావా అని,
రెండుసార్లు.
నాను అది ఇన్లేదు.
అప్పుడే పళ్ళ కింద ఒక ఇసక రేణువు
టక్కుమంది.
అది ఇన్నాను.